సంతకం అడిగిన చెయ్యి, తిట్టు రాసిన చెయ్యి: ఒక కామిక్ ఆర్టిస్టు కేసు

అనంతపురంలో 11 ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. పరీక్ష పోయిన పిల్లలు, ఆలుమగల గొడవలు, తాగుడు, అప్పులు. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఇవే. బొమ్మలు గీసుకునే మనిషి తన పాఠకుల వల్ల నిద్ర పట్టక నా గది తలుపు తట్టడం ఇదే మొదటిసారి. ఈ కేసులో నేను ఒక పొరపాటు చేశాను. దాన్ని కూడా దాచకుండా రాస్తున్నాను. మన జిల్లాల్లో ఫోనులో గీసి ఫోనులోనే కథ నడిపే పిల్లలు పెరుగుతున్నారు. ఇలాంటి కేసులు ఇంకా వస్తాయి.

ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. రాసినదాన్ని చదివి రెండు చోట్ల మార్పులు అడిగింది, చేశాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, కథ, కుటుంబం వివరాలు కొంత మార్చాను. ఆమెను ఇక్కడ ఆర్టిస్టు అనే పిలుస్తాను.

ఎలా వచ్చింది

2024 సెప్టెంబరులో ఎముకల డాక్టరు పంపితే వచ్చింది. వయసు 26. కుడిచెయ్యి మణికట్టు నుంచి బొటనవేలి దాకా లాగేస్తోందని, ట్యాబ్ మీద గీసే పెన్ను, స్టైలస్, పట్టుకోగానే వేళ్లు వణుకుతున్నాయని ఆయన దగ్గరికి వెళ్లింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. అన్నం కలుపుకునేటప్పుడు, బండి నడిపేటప్పుడు, గోరింటాకు పెట్టేటప్పుడు చెయ్యి బాగానే ఉంటుంది. గీయడానికి కూర్చుంటేనే వణుకు. ఆ సంగతి గమనించి నా దగ్గరికి పంపిన ఆ డాక్టరుకు నేను రుణపడి ఉన్నాను.

వాళ్ల నాన్నది ధర్మవరం వైపు చేనేత. బీటెక్ అయ్యాక ఆమె బెంగళూరులో రెండేళ్లు ఉద్యోగం చేసింది, మానేసి ఇంటికొచ్చింది. మూడేళ్లుగా తెలుగులో ఒక కామిక్ గీస్తోంది. సీమ ఊళ్లలో పాత తగాదాలు తీర్చుకుంటూ బస్సుల్లో తిరిగే ఒక తాత, ఆయన వెంట మనవరాలు. బొమ్మల గీత నిమ్మలకుంట తోలుబొమ్మల్ని గుర్తుకు తెస్తుంది. పక్క నుంచి కనబడే ముఖం, ఆ ముఖంలో పెద్ద కన్ను, చీర మీద చిల్లులు పొడిచినట్టు చుక్కలు. మాటలు అచ్చం అనంతపురం మాటలు. వారానికొక ఎపిసోడ్ ఒక యాప్‌లో పెట్టేది. కలం పేరుతో గీసేది కాబట్టి, గీసేది ఆడపిల్ల అని మొదటి రెండేళ్లు ఎవరికీ తెలియదు.

రెండు సంఘటనలు వెంటవెంటనే జరిగాయి. 2024 జూలైలో ఒక లైవ్ వీడియోలో మొదటిసారి ముఖం చూపించింది. ఆగస్టులో తాత చనిపోయే ఎపిసోడ్ పెట్టింది. ఆ రాత్రి నుంచి మొదలైంది. కథ మీద కోపం ముందు వచ్చింది. ఒకటి రెండు రోజుల్లో అది ఆమె ఒళ్లు, రంగు, కులం, పెళ్లి మీదికి మళ్లింది. ఒకడు ఇంటికొచ్చి నరుకుతానని రాశాడు. ఇంకొకడు "నీ చేతులు విరగ్గొట్టాలి" అని రాశాడు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మొదటి సెషన్‌లో దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల స్కోరు 16, టెన్షన్‌ను కొలిచే జీఏడీ-7 స్కోరు 15. అంటే దిగులూ టెన్షనూ రెండూ బాగా ముదిరి ఉన్నాయి. నిద్ర మూడు నాలుగు గంటలు. చనిపోవాలనే ఆలోచన ఉందా అని నేరుగా అడిగాను. లేదంది, "మాయమైపోతే బాగుండు" అని మాత్రం అనిపిస్తుందంది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. రాత్రిపూట ఎప్పుడు ఆ ఆలోచన బరువైనా చేయమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆమె ఫోనులో, వాళ్ల అమ్మ ఫోనులో అక్కడే సేవ్ చేయించాను.

నేను చేసిన పొరపాటు

చాలామంది ఇచ్చే సలహానే నేనూ ఇచ్చాను. కామెంట్లు ఆఫ్ చెయ్యి, యాప్ తీసెయ్యి, నెల రోజులు అటు చూడకు అన్నాను. బుద్ధిగా చేసింది. ఐదు వారాల తర్వాత పీహెచ్‌క్యూ 18కి పెరిగింది.

ఎందుకు పెరిగిందో ఆమే చెప్పింది. "మేడమ్, తలుపు మూసినాక బయట ఏమనుకుంటాండారో ఇంకా ఎక్కువగా వినపడతాంది." కామెంట్లు కంటికి కనబడేటప్పుడు వాటికొక లెక్క ఉండేది. కనబడకుండా పోయాక ఊరంతా తిడుతున్నట్టే తోచింది. పైగా తిట్లతో పాటు మంచి మాటలు కూడా ఆగిపోయాయి. మూడేళ్లుగా ప్రతి శుక్రవారం రాత్రి "తాత ఈ వారం ఏ ఊరికి పోతాడు" అని అడిగే వందలమంది ఒక్కసారిగా లేకుండా పోయారు. గాయం మానడానికి తీసుకున్న సెలవు ఆమెకు వెలివేతలా తగిలింది. అది నేను ముందే ఊహించి ఉండాల్సింది.

ఆరో వారం వాళ్ల నాన్న తోడు వచ్చాడు. ఆయన అన్న మాట నా ఆలోచనను దారిలో పెట్టింది. "చీరకు వంక పెట్టేటోడు చీరను చేతిలో పట్టుకోనే పెడతాడు గదమ్మా. మడత ఇప్పి, అంచు ఎండకు పట్టి చూసి, ఈడ పోగు జారిండాది అంటాడు. మాట పడతాం. ఆయప్ప మంచినీళ్లు తాగి పోతాడు. ఫోన్లోంచి ఎవురో అంటే ఈ పాప చెయ్యి ఎట్ల పడిపోయింది?"

ఆయన అడిగింది చాలా సూటి ప్రశ్న. ఆ ఇంట్లో విమర్శ కొత్త కాదు. మగ్గం మీది పనిని ఎదురుగా నిలబడి వంక పెట్టే షావుకార్లను చూస్తూనే ఈ అమ్మాయి పెరిగింది. ఆమెకు తగిలినది విమర్శ కాదు, వేరే ఏదో. అదేంటో తెలుసుకోవాలంటే తలుపు మూయకూడదు, తెరిచి లెక్క చూడాలి.

కత్తెర, కాగితాలు

ఏడో సెషన్‌కు ఆ ఒక్క ఎపిసోడ్ కింద వచ్చిన కామెంట్లన్నీ ప్రింటు తీయించాను. 312. నా గదిలో చాప పరిచి, ఇద్దరం కింద కూర్చుని ఒక్కొక్క కామెంటునీ కత్తెరతో విడగొట్టాం. ఫ్యాను ఆపేశాం, కాగితాలు ఎగరకుండా. చెమటలు పట్టాయి. కత్తిరించే ముందు ఆమెను ఒక అంచనా అడిగాను, వీటిలో నిన్ను తిట్టినవి ఎన్ని ఉంటాయని. "రెండొందలు దాటుంటాయి" అంది.

నాలుగు కుప్పలు చేశాం. తాత పోయినందుకు ఏడ్చినవి, మెచ్చుకున్నవి 187. కథ మీద కోప్పడినవి 71. బొమ్మ గురించి, అక్షరాల గురించి, పాత్రల మాటలు రాసే బెలూన్ల గురించి అన్నవి 32. ఆమె మనిషి మీద, కులం మీద, ఒంటి మీద రాసినవి, బెదిరింపులు కలిపి 22. ఆ 22లో 15 నాలుగు అకౌంట్ల నుంచి వచ్చినవే.

ఆమె చాలాసేపు నాలుగో కుప్పనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి ఆ 22 కాగితాలను అరచేతిలో పెట్టుకుంది. గుప్పెడు కూడా లేవు. నవ్వలేదు, ఏడవలేదు. "ఇంతేనా" అంది.

లెక్క చూపించి బాధ తీసేయొచ్చని నేను అనడం లేదు. చెడ్డమాట మంచిమాట కంటే గట్టిగా తగులుతుందని రాయ్ బామీస్టర్, ఆయన తోటి పరిశోధకులు 2001లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి చెప్పారు. 187 మంచి మాటలు 22 చెడ్డ మాటలను కొట్టేయలేవు. కానీ "అందరూ" అనే మాట అక్కడితో ఆమె నోట రావడం మానేసింది. "నలుగురు" అనడం మొదలుపెట్టింది. చికిత్సలో ఇది చిన్న మార్పు కాదు.

ఇంకో విషయం ఆ చాప మీదే తేలింది. రెండో కుప్పలోని 71 కామెంట్లను గట్టిగా చదవమన్నాను. పది చదివేసరికి ఆమె గొంతు మారింది. వాటిలో చాలావరకు తిట్టు వేషంలో ఉన్న ఏడుపు. "ముసలోణ్ని చంపడానికి నీకు మనసెట్ల వచ్చింది", "మా జేజినాయన పోయిన నెలకే ఇట్ల జేస్తావా". ఈ రెండో మాట దగ్గర ఆగిపోయింది. దాన్ని తను ఇదివరకు నాలుగుసార్లు చదివానని, అది తిట్టనే అనుకున్నానని చెప్పింది.

దూరం నుంచి అలా ఎందుకు రాస్తారు

పాత్రను ప్రేమించి, ఆ పాత్రను చేసినవాళ్లను ద్వేషించడం కామిక్స్ లోకంలో కొత్త సంగతి కాదు. ఆ చరిత్రలో కొంత ఆర్టిస్టుకు తెలుసు. తెలియనిది ఇద్దరం కలిసి చదువుకున్నాం. ఇది తనొక్కదానికే జరిగిన అవమానం కాదని తెలియడం ఆమెకు పనికొచ్చింది.

1988లో అమెరికా కామిక్స్ కంపెనీ డీసీ బ్యాట్‌మ్యాన్ వెంట ఉండే రెండో రాబిన్, జేసన్ టాడ్, బతకాలా చావాలా అని పాఠకులనే ఫోను చేసి చెప్పమంది. చావాలని 5,343 ఓట్లు, బతకాలని 5,271 ఓట్లు పడ్డాయి. 72 ఓట్ల తేడాతో ఒక పిల్లవాడి పాత్ర చచ్చిపోయింది. 2012 డిసెంబరులో స్పైడర్‌మ్యాన్ 700వ సంచికలో పీటర్ పార్కర్‌ను చంపినందుకు రచయిత డాన్ స్లాట్‌ను చంపుతామని బెదిరించారు. 2016లో కెప్టెన్ అమెరికాను శత్రువుల పక్షం వాడిగా చూపించినందుకు నిక్ స్పెన్సర్‌కూ అదే ఎదురైంది.

ఆడవాళ్ల విషయంలో కథ కూడా అక్కర్లేదు. 2016లో చెల్సీ కెయిన్ రాసిన మాకింగ్‌బర్డ్ అనే కామిక్ ముఖచిత్రం మీద ఆ పాత్ర వేసుకున్న టీషర్టులో స్త్రీవాదం మాట ఉందని గొడవ చేశారు. ఆమె ట్విట్టర్ వదిలి వెళ్లిపోయింది. 2017 జూలైలో ఇంకో కామిక్స్ కంపెనీ మార్వెల్ ఆఫీసులో పనిచేసే హెదర్ ఆంటోస్ తోటి ఆడవాళ్లతో కలిసి మిల్క్‌షేకులు పట్టుకుని ఫొటో పెట్టింది. మార్వెల్ తొలితరం ఉద్యోగిని ఫ్లో స్టైన్‌బర్గ్ చనిపోయినప్పుడు ఆమె జ్ఞాపకంగా పెట్టిన ఫొటో అది. దాని మీద కూడా విరుచుకుపడ్డారు. మా ఆర్టిస్టు ముఖం చూపించిన నెల తర్వాతే మాటలు ఒంటి మీదికి మళ్లడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. అదే తాతను మగవాడెవడో చంపి ఉంటే కోపం కథ దగ్గరే ఎక్కువగా ఆగేది.

ఇంటర్నెట్‌లో మనిషి ఎందుకు కట్లు తెంచుకుంటాడో మనస్తత్వవేత్త జాన్ సులర్ 2004లో ఒక వ్యాసంలో వివరించాడు. పేరు తెలియదు, ముఖం కనబడదు, జవాబు వెంటనే రాదు, అవతలి మనిషి మన తలలోని ఊహలాగే అనిపిస్తుంది, ఇదంతా ఆట అనిపిస్తుంది, పెద్దాచిన్నా తేడా పోతుంది. 2012లో ఇజ్రాయెల్ పరిశోధకులు లాపిడాట్-లెఫ్లర్, బరాక్ వీటిలో కొన్నింటిని విడదీసి పరీక్షిస్తే, పేరు దాచుకోవడం కంటే కళ్లలోకి చూడలేకపోవడమే మాటను ఎక్కువగా విషం చేస్తోందని తేలింది. నాకు ఇది మా ఊరి అనుభవంతో సరిపోయింది. మన దగ్గర సొంత పేరు, ఊరి పేరు, కాలేజీ పేరు అన్నీ పెట్టుకునే ఘోరంగా రాస్తున్నారు. పేరు దాచుకున్నది ఆ నలుగురిలో ఇద్దరే.

సులర్ వ్యాసంలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇంకొకటి ఉంది. ఆన్‌లైన్‌లో బయటపడేదే మనిషి అసలు స్వరూపం అనే వాదనను ఆయన ఒప్పుకోలేదు. అదీ ఆ మనిషిలో ఒక భాగమే, ఎదురుగా మర్యాదగా ఉండేదీ ఒక భాగమే. ఇది మా ఆర్టిస్టుకు చెప్పడానికి నాకు మూడు సెషన్లు పట్టింది. ఆమె గట్టిగా నమ్మినది వేరు. "ఎదురుపడితే నవ్వేదంతా నాటకం మేడమ్, లోపల ఉండేది అదే" అనేది. అంతకు ముందు హైదరాబాద్ కామిక్ కాన్ అనే కామిక్స్ వేడుకలో స్నేహితురాలి టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు ఎంతోమంది ప్రేమగా పలకరించారు. ఇప్పుడు ఆ జ్ఞాపకాలు కూడా ఆమెకు విషమైపోయాయి. వాళ్లలో ఎవడు ఎవడో అని.

పుస్తక ప్రదర్శన

ఆ నమ్మకం నా మాటలతో కదలలేదు. ఒక సాయంత్రం కదిలింది.

మొదటి 20 ఎపిసోడ్లను ఆమె సొంత డబ్బుతో పుస్తకంగా వేసుకుంది. ఊర్లో పుస్తక ప్రదర్శనలో ఒక స్టాలులో మూల ఇచ్చారు. వెళ్లాలా వద్దా అని నాలుగు వారాలు మాట్లాడుకున్నాం. చెయ్యి వణికితే ఏం చేయాలి, లేచి వెళ్లిపోవాలంటే ఎవరికి సైగ చేయాలి, ముందే అనుకున్నాం. పక్కన వాళ్ల తమ్ముడు కూర్చున్నాడు. రెండో రోజు నేను కూడా వెళ్లాను, దూరంగా ఉగ్గాని బజ్జీ బండి దగ్గర నిలబడ్డాను.

సాయంత్రం ఆరు దాటాక పంతొమ్మిదేళ్లుండే కుర్రాడు వచ్చాడు. పుస్తకం కొన్నాడు. సంతకం అడిగాడు. ఎవరి పేరున రాయమంటావు అని ఆమె అడిగింది. వాడు సొంత పేరు చెప్పలేదు. ఫొటో తీసి పెట్టుకోవడానికి అకౌంటు పేరు మీద రాయమన్నాడు, స్పెల్లింగు కూడా చెప్పాడు. ఆమె పెన్ను మొదటి అక్షరం మీదే ఆగిపోయింది. అది చేతులు విరగ్గొట్టాలని రాసిన అకౌంటు.

తర్వాత ఏం జరిగిందో ఆమె చెప్పినది, తమ్ముడు చెప్పినది కలిపి రాస్తున్నాను. ఆమె తలెత్తి "నా చేతులు విరగ్గొట్టాలని రాసింది నువ్వేనా?" అని అడిగింది. అరవలేదు. కుర్రాడి ముఖం పాలిపోయింది. ముందు కాదన్నాడు. తర్వాత నేల చూశాడు. తర్వాత అన్నాడు, "మీరు చదువుతారనుకోలేదక్కా."

ఈ ఒక్క మాటను ఆమె తర్వాతి సెషన్లో ఏడెనిమిదిసార్లు పలికింది. చదువుతుందని అనుకోలేదు. వాడికి ఆమె ఒక మనిషి కాదు, ఫోనులోంచి శుక్రవారం శుక్రవారం వచ్చే ఒక వస్తువు. పిల్లవాడు టీవీ మీద చెప్పు విసిరినట్టు విసిరాడు. టీవీ వెనక మనిషి ఉందని ఆ క్షణందాకా వాడికి తట్టలేదు. ఎదురుగా నిలబడి నవ్విన నవ్వు నాటకం కాదు, ఆ రాత్రి రాసిన మాటా అబద్ధం కాదు. రెండూ వాడివే. మధ్యలో లేనిది ఆమె ముఖం ఒక్కటే.

సంతకం పెట్టింది. అకౌంటు పేరున కాదు, సొంత పేరు అడిగి తెలుసుకుని దాని మీద. చెయ్యి వణికిందట, అయినా రాసింది. ఆ కుర్రాడు అదే రాత్రి కామెంటు తీసేశాడు. క్షమాపణ రాయలేదు. రాయకపోవడం ఆమెను బాధపెట్టలేదు, నన్నే కొంచెం పెట్టింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. తిట్టినవాళ్లను ఎదురుగా నిలబెట్టడం చికిత్స అని ఎవరూ అనుకోవద్దు. ఇది అనుకోకుండా జరిగింది, పక్కన మనుషులున్నారు, ఆ కుర్రాడి వల్ల ప్రమాదం లేదు. నరుకుతానని రాసినవాడు అలా వచ్చి ఉంటే నేను వేరే కేసు రాస్తుండేదాన్ని.

ఎదురుగా ఎవరూ చెప్పనిది

ప్రదర్శన నాలుగు రోజులూ ఆమెకు వినబడిన మాటలు "సూపర్ అక్కా", "కేక అక్కా", "ఒక సెల్ఫీ అక్కా". ఒకాయన మాత్రం తమ్ముడి వైపు తిరిగి "బొమ్మలు నువ్వు గీస్తావా నాయనా?" అన్నాడు. అది మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాద కూడా గుచ్చుకుంటుంది.

ప్రదర్శన అయిపోయాక ఆమె సంతోషంగా ఉంటుందనుకున్నాను. డల్‌గా వచ్చింది. "అందురూ బాగుందన్నారు. నాకేం తెలిసింది మేడమ్?" అంది. అప్పుడు నాకు ఈ కేసు మొత్తం అర్థమైంది. మన పాఠకులు ఎదురుగా ఉంటే నిజం చెప్పరు, చాటుగా ఉంటే మర్యాద చూపరు. ఎదురుగా వంక పెడితే బాగుండదని నోరు నొక్కుకుంటారు. ఫోను పట్టుకున్నాక ఆ నొక్కుకున్నది రెట్టింపై బయటికొస్తుంది. వాళ్ల నాన్న చెప్పిన షావుకారు లాంటి మనిషి, చీర చేతిలో పట్టుకుని పోగు జారిందని చెప్పి నీళ్లు తాగి వెళ్లే మనిషి, ఈ అమ్మాయికి ఒక్కరూ దొరకలేదు.

ఒక్కరు దొరికారు. మూడో రోజు వచ్చిన ఒక టైలరమ్మ. యాభై దాటిన మనిషి. పుస్తకం అక్కడే నిలబడి సగం చదివి, ఒక పేజీ తెరిచి చూపించిందట. "పాపా, కథ బాగుండాది. ఈ పేజీలో ఎవురు ముందు మాట్లాడినారో నాకు తెలీలా. రెండుసార్లు సదివినా."

ఆమె వేలు పెట్టిన చోట నిజంగానే తప్పుంది. ఫోను కోసం గీసిన కామిక్ పైనుంచి కిందికి జారుతూ పోతుంది. ఒక బెలూను తర్వాత ఒక బెలూను, తికమక ఉండదు. అదే ప్యానెళ్లను, అంటే బొమ్మల గళ్లను, పుస్తకం పేజీలో పక్కపక్కన పేర్చేసరికి తాత జవాబు ముందు, మనవరాలి ప్రశ్న తర్వాత వచ్చాయి. తెలుగు అక్షరాలతో ఇంకో చిక్కు. కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎక్కువ జాగా వదలాలి. బెలూను పెద్దదవుతుంది, బొమ్మను తినేస్తుంది. జాగా మిగల్చడానికి ఆమె వరుసలు బిగించింది, ఒత్తులు కింది గుడుల మీద ఎక్కి కూర్చున్నాయి.

ఇంటికెళ్లి మూడో కుప్పలోని 32 కాగితాలు తీసి చూసింది. తొమ్మిదింటిలో ఈ అక్షరాల ఫిర్యాదే వేరే రూపంలో ఉంది. "గుడ్డిదానా, అచ్చరాలు కనపడేటట్టు రాయి" లాంటి మాటల్లో. ఫోను తెర మీద కూడా అక్షరాలు ఇరుక్కుంటున్నాయన్నమాట. మొదటి పదం చూసి వదిలేసింది కాబట్టి చివరి పదం ఆమె దాకా చేరలేదు. తిట్టినవాళ్లకు కూడా ఇందులో నష్టముంది. వాళ్లకు కావలసింది చదవడానికి వీలైన బెలూను, వాళ్ల తిట్టు వల్లే అది రాలేదు.

మేం చేసినవి

ముందు బెదిరింపులను పక్కకు తీశాం. అది కౌన్సెలింగ్ విషయం కాదు, నేరం. స్క్రీన్‌షాట్లు, లింకులు, తేదీలు, సమయాలు ఒక ఫోల్డర్‌లో పెట్టించాను, బ్లాక్ చేసే ముందే. భారతీయ న్యాయ సంహితలో బెదిరింపుకు 351వ సెక్షన్ ఉంది. పేరు దాచుకుని బెదిరిస్తే 351(4) కింద ఇంకో రెండేళ్ల దాకా అదనపు శిక్ష పడొచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం, స్టేషన్‌లోనూ ఇచ్చాం. మొదట వెళ్లినప్పుడు "బొమ్మలు మానేస్తే పోలా" అన్న మాట కూడా వినాల్సి వచ్చింది. రెండోసారి కాగితాలన్నీ వరుసగా పెట్టి నాన్నతో కలిసి వెళ్లింది, తీసుకున్నారు.

రెండోది, కామెంట్లు తెరిచాం, కానీ ఆమె చూడదు. తమ్ముడు వారానికోసారి చూసి మూడో కుప్పలోకి వచ్చేవి మాత్రం మాటలు శుభ్రం చేసి ఒక నోటుపుస్తకంలో రాసిస్తాడు. "అచ్చరాలు ఇరుకు, 6వ ప్యానెల్" అని. మొదటి కుప్పలోవి కూడా ఐదు రాయాలని షరతు పెట్టాను. వాడికి ఇది బరువు కాకుండా నెలకోసారి వాడితోనూ మాట్లాడుతున్నాను. చదివేవాడికి కూడా విషం అంటుతుంది.

మూడోది ఆమె ఆలోచనే. పోస్టుకార్డులు. చిన్నప్పుడు వాళ్లింట్లో పాత చందమామలు ఉండేవి. అందులో ఫోటో వ్యాఖ్యల పోటీకి జనం కార్డుల మీద రాసి పంపేవాళ్లు, గెలిచినవాళ్ల పేరు, ఊరు అచ్చయ్యేవి. నేను కూడా ఒకటి చెప్పాను. 1960ల మొదట్లో డీసీ ఎడిటర్ జూలియస్ ష్వార్ట్‌జ్ పాఠకుల ఉత్తరాల కింద వాళ్ల పూర్తి చిరునామాలు వేశాడు. ఆ చిరునామాలతోనే అభిమానులు ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. ఉత్తరం రాయాలంటే కూర్చోవాలి, స్టాంపు కార్డు కొనాలి, పేరు పెట్టాలి, పోస్టు డబ్బా దాకా నడవాలి. ఆ నడకలో కోపం సగం దిగుతుంది, చెప్పాల్సింది మాత్రం మిగులుతుంది.

పుస్తకం రెండో ముద్రణలో ప్రతి కాపీలో ఒక పోస్టుకార్డు పెట్టింది. స్నేహితురాలి ఆఫీసు చిరునామా అచ్చేసింది, ఇంటిది కాదు. కార్డు మీద ఒకే ప్రశ్న. "ఈ పుస్తకంలో మీకు అర్థం కాని పేజీ ఏది?" బాగుందా అని అడగలేదు. అడిగితే బాగుందనే రాస్తారు.

ఇప్పుడు

14వ సెషన్ నాటికి పీహెచ్‌క్యూ 6, జీఏడీ 7. రాత్రి ఆరు గంటలు నిద్రపోతోంది. వణుకు పూర్తిగా పోలేదు. కొత్త ఎపిసోడ్ మొదటి గీత గీసేటప్పుడు ఇప్పటికీ వస్తుంది, రెండు మూడు గీతలకు సర్దుకుంటుంది. రాత్రి తొమ్మిది దాటాక మెసేజీలు తెరవదు. మనవరాలు ఇప్పుడు ఒంటరిగా బస్సులో తిరుగుతోంది, కథ సాగుతోంది.

నరుకుతానన్న అకౌంటు ఎవరిదో ఇంకా తేలలేదు. వాళ్లమ్మ ఇప్పటికీ సాయంత్రం ఏడు దాటితే గేటుకు తాళం వేస్తుంది. ఆ తాళం నా చేతిలో లేదు, అదే ఈ కేసులో నన్ను వదలని విషయం. నెలకోసారి స్టేషన్‌కు ఫోను చేసి ఎక్కడిదాకా వచ్చిందని అడగమన్నాను, అడుగుతోంది.

పోస్టుకార్డులు ఇప్పటికి 23 వచ్చాయి. గుత్తి, హిందూపురం, పులివెందుల, ఆదోని ముద్రలున్నాయి. పోయిన సెషన్‌కు వాటిని రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. పదకొండు కార్డుల మీద అదే టైలరమ్మ చూపించిన పేజీ నంబరు. ఒక కార్డు మీద తాత ఎడమచేత్తో అన్నం తింటున్నట్టు గీశారు, సరిచేయండి అని ఉంది. తీసి చూస్తే నిజమే. బొమ్మను అద్దంలోలాగా తిప్పినప్పుడు జరిగిన పొరపాటు. ఆమె నా బల్ల మీదే ట్యాబ్ పెట్టుకుని, ఆ చెయ్యిని కుడివైపుకు మార్చడం మొదలుపెట్టింది.